పాట్రిక్ రస్సెల్

పాట్రిక్ రస్సెల్ (ఫిబ్రవరి 6, 1727 - జూలై 2, 1805) స్కాట్లండు దేశానికి చెందిన వైద్యుడు, ప్రకృతి శాస్త్రజ్ఞుడు. రక్తపింజర పాముకు ఆంగ్లంలోనూ, శాస్త్రీయ నామంలోనూ ఉన్న రస్సెల్ అనే పేరు ఈయనదే. భారతదేశపు సర్పశాస్త్రానికి పితామహుడని ఈయనను చెబుతారు. తెలుగువారికి మాత్రం ఈయన మరొక కారణం చేత ముఖ్యుడు. 1780లలో విశాఖపట్నంలో నివసించి, అక్కడి సముద్రంలో దొరికే రెండు వందల చేపలను బొమ్మలతో సహా వర్ణిస్తూ, వాటికి మన జాలరులు పలికే పేర్లనే పెట్టి గ్రంథం వెలువరించాడు. ఉత్తరాంధ్ర తీరపు చేపల పేర్లకు ఇంత పాతదైన, ఇంత విస్తారమైన లిఖిత ఆధారం మరొకటి దొరకడం కష్టం.

బాల్యము, విద్య

రస్సెల్ ఎడిన్‌బరో నగరంలో జన్మించాడు. తండ్రి జాన్ రస్సెల్ న్యాయవాది. ఇతడు ఉన్నత పాఠశాలలో గ్రీకు, లాటిను భాషలు చదివి, తరువాత ఎడిన్‌బరో విశ్వవిద్యాలయంలో వైద్యశాస్త్రం అభ్యసించాడు. చదువు ముగిసిన 1750లోనే సవతి సోదరుడైన అలెగ్జాండర్ రస్సెల్ వద్దకు, నేటి సిరియా దేశంలోని అలెప్పో నగరానికి బయలుదేరాడు. అలెగ్జాండర్ అక్కడ లెవాంట్ కంపెనీ వర్తక స్థావరానికి వైద్యుడు. అలెప్పో ప్రకృతి చరిత్ర అనే అతని గ్రంథం 1756లో అచ్చయింది.

అలెప్పో

1753లో అన్న ఇంగ్లండుకు తిరిగిపోగా ఆ వైద్యుని పదవి పాట్రిక్‌కు లభించింది. ఇతడు అరబ్బీ భాషను బాగా నేర్చుకున్నాడు. అక్కడి పాషా ఇతనిపై గౌరవంతో తలపాగా ధరించుటకు అనుమతి ఇచ్చాడట. ఆ కాలంలో ఒక విదేశీయునికి అది పెద్ద మర్యాద. అరేబియా ప్రాంతాలలో మశూచి రాకుండా పిల్లలకు అంటు వేసే ఆచారాన్ని గురించి ఇతడు రాసిన వ్యాసం 1768లో లండను రాయల్ సొసైటీ పత్రికలో ప్రచురితమైంది.

1760 నుండి 1762 వరకు అలెప్పోను ప్లేగు పీడించింది. ఆ మూడేళ్ళూ రస్సెల్ ఊరు విడువక వైద్యం చేశాడు. తాను చూచిన రోగులను, వ్యాధి లక్షణాలను వరుసగా రాసి పెట్టుకున్నాడు. ముప్ఫై సంవత్సరాల తరువాత, 1791లో, ఆ టిప్పణాలు ప్లేగును గురించిన బృహద్గ్రంథంగా వెలువడ్డాయి. ఓడరేవులలో ప్రయాణికులను కొన్నాళ్ళు విడిగా ఉంచే పద్ధతిని అందులో విపులంగా చర్చించాడు. ఈయన పని తీరు ఇక్కడే కనబడుతుంది. కంటితో చూచినది వెంటనే రాసుకోవడం, స్థానికులను అడగడం, తొందరపడి అచ్చువేయకపోవడం. విశాఖపట్నంలోనూ ఈయన ఇదే పద్ధతిని పాటించాడు.

1770ల ఆరంభంలో స్వదేశానికి వచ్చి లండనులో వైద్యవృత్తి సాగించాడు. 1777లో రాయల్ సొసైటీ సభ్యుడయ్యాడు.

విశాఖపట్నము

పాట్రిక్ తమ్ముడు క్లాడ్ రస్సెల్ ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి. 1781లో అతనికి విశాఖపట్నం పాలనాధికారిగా నియామకం వచ్చింది. అప్పటికి అతని ఆరోగ్యం బాగులేదు. అందుచేత వైద్యుడైన పాట్రిక్ తోడుగా బయలుదేరాడు. అప్పటికి ఇతని వయస్సు యాభై నాలుగు. కంపెనీ కొలువు ఆశించి వచ్చినవాడు కాడు.

ఉత్తర సర్కారులు 1765లో మొగలు ఫర్మానా ద్వారా కంపెనీకి దఖలుపడ్డాయి. రస్సెల్ వచ్చేనాటికి కలెక్టర్లు లేరు, చీఫ్ అనే అధికారి, అతనికి ఒక కౌన్సిలు ఉండేవి. విజయనగరంలో పూసపాటివారి సంస్థానం బలంగా ఉంది. శ్రీకాకుళాన్ని కంపెనీవారు చికాకోల్ అని రాసేవారు. భీమునిపట్నం, కళింగపట్నం, బారువ రేవులు ఓడల రాకపోకలతో కళకళలాడుతుండేవి. ఈ తీరం పొడుగునా వాడబలిజలు, జాలరులు తెప్పలపైనా పడవలపైనా వేటకు పోయేవారు. విశాఖపట్నంలో వలకు పడే చేపలే ఇంచుమించు ఈ రేవులన్నింటా పడతాయి కనుక రస్సెల్ గ్రంథాన్ని శ్రీకాకుళం, విజయనగరం తీరాలకు కూడా చెందినదిగానే భావించాలి.

కంపెనీకి మద్రాసు వైపు ప్రకృతి శాస్త్రజ్ఞుడిగా అప్పుడు యోహాన్ గెర్హార్డ్ కోనిగ్ ఉండేవాడు. ఇతడు స్వీడను దేశపు ప్రఖ్యాత శాస్త్రజ్ఞుడు లిన్నేయస్ శిష్యుడు. కోనిగ్ కలకత్తా ప్రయాణంలో విశాఖపట్నంలో ఆగి రస్సెల్‌ను కలిశాడు. తరువాత రక్తవిరేచనాల వ్యాధి సోకగా, సామర్లకోటలో ఉన్న వైద్యుడు విలియం రాక్స్‌బర్గ్ చికిత్స చేసినా ఫలించక, 1785 జూన్‌లో కాకినాడ జగన్నాథపురంలో మరణించాడు. ఆ ఖాళీలో అదే సంవత్సరం నవంబరులో రస్సెల్ నియమితుడయ్యాడు.

రస్సెల్ చెట్లను కూడా సేకరించాడు. వెదురు కణుపులలో గడ్డకట్టే తెల్లని పదార్థం వంశలోచనం. దీనిని గురించి 1788లో విశాఖపట్నం నుండి సర్ జోసెఫ్ బ్యాంక్స్‌కు ఇతడు పంపిన లేఖ 1790లో రాయల్ సొసైటీ పత్రికలో వచ్చింది. రాక్స్‌బర్గ్ రచించిన కోరమాండల్ తీరపు మొక్కల గ్రంథానికి పీఠిక రాసినవాడు కూడా రస్సెలే.

పాములపై కృషి

పాముకాటు మరణాలు రస్సెల్‌ను కలవరపెట్టాయి. కాటు వేసినది విషపు పామో కాదో తెలియక జనం భయంతో చనిపోవడం, లేదా పనికిరాని మందులను నమ్మి కాలం పోగొట్టుకోవడం ఇతడు గమనించాడు. విషసర్పాన్ని నిర్విషసర్పాన్ని తేలికగా గుర్తించే లక్షణాలు చెప్పడమే తొలి సాయమని భావించి, పాములను పట్టించి, పళ్ళను, పొలుసులను పరీక్షించాడు. కోళ్ళపై, కుక్కలపై విష ప్రయోగాలు చేశాడు. పాషాణం కలిసిన తంజావూరు మాత్ర అనే ఆనాటి ప్రసిద్ధ ఔషధాన్ని కూడా పరీక్షకు పెట్టాడు. నేటి విద్యార్థికి ఈ ప్రయోగాలు క్రూరంగా తోచవచ్చు. విషానికి విరుగుడు సీరం తయారైనది 1890లలో అని గుర్తుంచుకుంటే, అంతకు వందేళ్ళ ముందు ఈ పనికి ఉన్న అవసరం అర్థమవుతుంది.

కోరమాండల్ తీరపు పాములపై ఇతని మొదటి సంపుటం 1796లో వెలువడింది. అందులోనూ తెలుగు పేర్లే. రక్తపింజరను ఇతడు కాటుకరేకుల పొడ అనే పేరుతో నమోదు చేసి, ప్రమాదంలో నాగుపాము తరువాత స్థానం దీనిదేనని తెలిపాడు. 1797లో జార్జి షా ఆ పాముకు రస్సెల్ పేరు పెట్టాడు. నేడు దాని శాస్త్రీయ నామం దబోయా రస్సెలియై. కట్లపాముల ప్రజాతికి 1803లో దోదిన్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు పెట్టిన బంగారస్ అనే పేరు, రస్సెల్ రాసిన బంగారు పాము అనే తెలుగు మాట నుండి వచ్చినదే. జీవశాస్త్ర పాఠ్యపుస్తకంలో ఈ పేరు చదివే మన పిల్లలలో ఎందరికి ఇది తెలుసునో!

విశాఖపట్టణ మత్స్య గ్రంథము

1789 ఆరంభంలో రస్సెల్ భారతదేశం విడిచి వెళ్ళాడు. తాను పోగుచేసిన నమూనాలను మద్రాసులో కంపెనీకి అప్పగించాడు. ఇతని స్థానంలో రాక్స్‌బర్గ్ వచ్చాడు. చేపల బొమ్మలు, వర్ణనలు మాత్రం వెంట తీసుకొనిపోయాడు. కోరమాండల్ తీరాన విశాఖపట్నంలో సేకరించిన రెండు వందల చేపల వర్ణనలు, చిత్రములు అనే అర్థం వచ్చే పేరుతో ఆ గ్రంథం 1803లో లండనులో రెండు సంపుటాలుగా కంపెనీ ఖర్చుతో అచ్చయింది.

బొమ్మలు గీసినది ఒక భారతీయ చిత్రకారుడు. చేప నీటి నుండి తీసిన కొద్దిసేపటికే రంగు కోల్పోతుంది, మన ఎండకు త్వరగా చెడిపోతుంది. వల ఒడ్డుకు రాగానే చేపను తెప్పించి, చిత్రకారుని కూర్చోబెట్టి, పక్కన కొలతలు, రెక్కల ముళ్ళ లెక్క, పళ్ళ తీరు రాసుకోవాలి. ఇలా రెండు వందల సార్లు చేయడం ఏ ఒక్క వేట కాలంలోనో అయ్యే పని కాదు. జాలరుల ఓపిక కూడా ఇందులో ఎంతో ఉంది.

ఈ గ్రంథానికి ఒక లోపం ఉన్నది. లిన్నేయస్ ప్రవేశపెట్టిన పద్ధతిలో ప్రతి జీవికీ రెండు మాటల లాటిను పేరు ఉండాలి. మొదటిది ప్రజాతి, రెండవది జాతి. రస్సెల్ చాలా చేపలకు ప్రజాతి వరకే లాటినులో చెప్పి, జాతి పేరు స్థానంలో తెలుగు మాటనే ఉంచాడు. జంతుశాస్త్ర నియమాల ప్రకారం అటువంటి పేరు చెల్లదు. ఫలితంగా రస్సెల్ మొదట వర్ణించిన అనేక చేపలకు పేరు పెట్టిన ఘనత తరువాతి వారికి పోయింది. ఒక శాస్త్రజ్ఞునికి ఇది నష్టమే. మన భాషకు మాత్రం మేలే జరిగింది. ఫ్రాన్సులో కువియే, వలన్సియన్ మొదలైనవారు రస్సెల్ బొమ్మలను ముందు పెట్టుకొని కొత్త పేర్లు కూర్చినప్పుడు, అందులోని తెలుగు మాటలనే లాటిను రూపానికి మార్చి వాడుకున్నారు.

సావళ్ళ జాతి రిబ్బను చేపకు కువియే 1829లో సవాలా అని పేరు పెట్టాడు. 1839లో ముల్లర్, హెన్లె అనే జర్మను పండితులు ఒక సొర చేపకు సొర్రా అని పేరుపెట్టారు. వలన్సియన్ 1836లో ఒక కొయ్యింగ జాతికి కున్నేసియస్ అనే పేరు ఇచ్చాడు. రస్సెల్ గ్రంథంలో దాని పేరు కున్నెసీ. నేటికీ ప్రపంచంలో ఏ భాషవారైనా ఈ చేపలను గురించి రాసేటప్పుడు విశాఖ జాలరి నోటి మాటను రాయవలసిందే.

రస్సెల్ తెలుగు ఉచ్చారణను ఆంగ్ల అక్షరాలలో తనకు వినబడినట్లు రాసుకున్నాడు. కొన్నింటిని ఇప్పుడు తేలికగా పోల్చుకోవచ్చు. కొన్ని ఎంత చదివినా అంతుపట్టవు. వాటిని నిర్ధారించుకొనడానికి ఉన్న దారి తీరప్రాంతపు పెద్దలను అడగడమే. శ్రీకాకుళం జిల్లా మత్స్యకారులు అనేకులు గుజరాతులోని వెరావల్ రేవుకు వలసపోయి అక్కడి పడవలపై పనిచేస్తున్నారు. సొంత తీరంలో వేట తగ్గినకొద్దీ చిన్నా చితకా చేపల పేర్లు పిల్లలకు అందడం లేదు. రస్సెల్ పుస్తకాన్ని ఒడ్డున కూర్చొని, బొమ్మలు చూపిస్తూ, వయసు మళ్ళిన జాలరుల చేత చదివించుకోవలసిన పని మన విద్యాసంస్థలది.

నాచు మేసే చేపలు

రస్సెల్ గ్రంథం ప్రధానంగా చేప ఆకారానికి సంబంధించినది. బ్రతికిన చేప నీటిలో ఏమి చేస్తుంది, ఏమి తింటుంది అనేది ఒడ్డుకు చేరిన చేపను చూచి తెలుసుకోవడం కష్టం. పైన చెప్పిన కొయ్యింగనే ఉదాహరణగా తీసుకుందాం. బొమ్మలో కనబడేది చిన్న నోరు, బలహీనమైన పళ్ళు. కడుపు కోసి చూస్తేనే కోడి కందనకాయ వంటి కండర సంచి, శరీరానికి ఎన్నో రెట్లు పొడవైన పేగు కనబడతాయి. కొయ్యింగలు బురదపై, రాళ్ళపై పట్టే సన్నని పాచిని, కుళ్ళిన ఆకుల పొడిని ఇసుకతో సహా మింగుతాయి. ఆ ఇసుకే కందనకాయలో తిరుగలిరాయిగా పనిచేస్తుంది.

పెద్ద ఆకుల సముద్రపు నాచును కొరికి తినేవి వేరే ఉన్నాయి. వాటిలో ముఖ్యమైనది సిగానస్ ప్రజాతి. మేకలా మేస్తూ తిరిగే ఈ చేపను ఆంగ్లంలో కుందేలు చేప అంటారు, తమిళులు ఓరా అంటారు. దీని రెక్కల ముళ్ళలో విషం ఉంటుంది. గుచ్చుకుంటే తీవ్రమైన నొప్పి. ఇది బంగాళాఖాతంలోనూ దొరుకుతుంది. శ్రీకాకుళం తీరం చాలావరకు ఇసుక నేల. నాచు పట్టడానికి రాయి కావాలి. విశాఖపట్నం, భీమునిపట్నం పరిసరాలలోని రాళ్ళపై ఉల్వా అనే పచ్చని పలుచని నాచు, సర్గాసం అనే గోధుమరంగు నాచు, పోర్ఫైరా అనే ఎర్రనాచు పెరుగుతాయి. ఆంధ్ర విశ్వవిద్యాలయ వృక్షశాస్త్రజ్ఞులు వీటిని విస్తారంగా అధ్యయనం చేశారు.

బ్రతికిన సముద్రపు చేపను కళ్ళముందు ఉంచుకొని చూచే అవకాశం మన దేశంలో రస్సెల్ పోయిన వందేళ్ళకు గానీ రాలేదు. ఎడ్గార్ థర్‌స్టన్ కృషితో 1909లో మద్రాసు సముద్రతీరాన చేపల ప్రదర్శనశాల ఏర్పడింది. అద్దాల తొట్టెలో నాచు మేసే చేపను పెంచేవారికి ఎదురయ్యే మొదటి సమస్య అది మేత ముట్టకపోవడం. సముద్రం నుండి కొత్తగా తెచ్చిన కుందేలు చేప ముందు ఎండునాచు రేకు వేస్తే, అది ఆహారమని దానికి తెలియదు. ఈ రేకులు జపానువారు పోర్ఫైరా, దాని దగ్గరి జాతుల నాచుతో చేసే నోరి. నీటిపై తేలే వస్తువును మేయడం ఈ చేపకు అలవాటు లేదు. రాతికి అంటుకొని ఉన్నదానిని లాగి కొరకడమే దానికి తెలుసు.

అందుచేత నానబెట్టిన నాచును ఒక రాతికి దారంతో కట్టి, చేప తిరిగే ఎత్తులో పెట్టాలి. అద్దానికి అంటుకునే పట్టకర్రతో బిగించినా చాలు. ఇంకా మంచిది, ఉల్వా పెరిగిన చిన్న రాయిని అలాగే తెచ్చి తొట్టెలో ఉంచడం. పచ్చినాచుకు అలవాటు పడిన తరువాత దాని పక్కనే ఎండురేకు కడితే రెండూ ఒకటేనని చేప గ్రహిస్తుంది. ఇప్పటికే తినే చేప ఒకటి తోడుంటే కొత్తది త్వరగా నేర్చుకుంటుంది. ఇవి గుంపుగా మేసే జీవులు కదా. సర్గాసం వంటి గోధుమ నాచులలో చేపలకు రుచించని వగరు పదార్థాలు ఉంటాయి కనుక మెత్తని పచ్చనాచుతో మొదలుపెట్టడం మేలు. ఉప్పు, నూనె, మసాలా కలిపిన నోరి పనికిరాదు. ఓడరేవు కాలువల దగ్గరి నాచు అసలే వద్దు.

మేత పెట్టే వేళలు కూడా ముఖ్యమే. నాచులో బలం తక్కువ. అందుకే ఈ చేపలు పగలంతా కొద్దికొద్దిగా మేస్తూనే ఉంటాయి. రోజుకు ఒక్కసారి కడుపునిండా రొయ్యపొడి వేసి ఊరుకుంటే చేప కొన్నాళ్ళు బ్రతుకుతుంది కానీ పొట్ట లోపలికి పోయి, రంగు వెలిసి, రోగాలకు లోనవుతుంది. తినకుండా మిగిలిన నాచును సాయంత్రానికి తీసివేయాలి, లేకపోతే కుళ్ళి నీటిని పాడుచేస్తుంది. ఆకలితో ఉంటే అదే తింటుందని నాచు మేసే చేపను పస్తు పెట్టే అలవాటు కొందరికి ఉంది. పొడవైన పేగు గల జీవికి అది ప్రాణాంతకం.

జాలరులకు ఈ సంగతులు కొన్ని సహజంగానే తెలిసి ఉంటాయి. రాళ్ళ మధ్య నాచు ఉన్నచోట ఏ చేప పడుతుందో, దాని కడుపు కోస్తే ఏముంటుందో రోజూ చూచేవారు వారే. రస్సెల్ వారి నుండి పేర్లు తీసుకున్నాడు. మేతల వివరాలు కూడా అదే శ్రద్ధతో అడిగి రాసుకొని ఉంటే ఈ గ్రంథం విలువ రెట్టింపయ్యేది.

చివరి రోజులు

లండనులో రస్సెల్ జీవితం పుస్తకాలు సిద్ధం చేయడంలోనే గడిచింది. 1791లో ప్లేగు గ్రంథం, 1794లో అన్న రాసిన అలెప్పో ప్రకృతి చరిత్రకు బాగా విస్తరించిన రెండవ కూర్పు, 1796లో పాముల గ్రంథం, 1803లో చేపల గ్రంథం వరుసగా వచ్చాయి. అరవై నాలుగేళ్ళ వయస్సు దాటిన తరువాత వెలువరించినవే ఇవన్నీ. పాముల గ్రంథం రెండవ సంపుటం భాగాలుగా వెలువడుతుండగా 1805 జూలై 2న మరణించాడు. మిగిలిన భాగాలు ఇతని మరణానంతరం 1809 నాటికి పూర్తయ్యాయి. ఇతడు వివాహం చేసుకొనలేదు.

ఒడిషాలోని గంజాం జిల్లాలో భంజనగర్ పట్టణానికి పూర్వం రస్సెల్‌కొండ అనే పేరు ఉండేది. ఇది పాట్రిక్ రస్సెల్ పేరుమీద వచ్చినదని కొందరు పొరబడుతుంటారు. అది 1830లలో గంజాం ప్రాంతపు తిరుగుబాట్లను అణచుటకు వచ్చిన జార్జి ఎడ్వర్డ్ రస్సెల్ అనే అధికారి పేరుతో ఏర్పడినది.